భద్రతా ప్రశ్నలు

“చెప్పమాకే యమునా! ఒక్క అంకె కూడా చెప్పమాక!”

గుల్షన్ కుట్టుమిషను వదిలేసి పక్క వాటాలోకి పరుగెత్తుకొచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

యమున గడప మీద కూర్చుని ఉంది. శ్రావణ శుక్రవారం. గడపకు రాసిన పసుపు తడి చీరకు అంటుకుంటున్నా ఆమె చూసుకోవడం లేదు. చెవి దగ్గర పెట్టుకుంటే వినపడని ఫోను ఆమెది. ఎప్పుడూ స్పీకరు పెట్టాల్సిందే. అందుకే అవతలి మాటలు గోడ దాటి గుల్షన్‌కి వినిపించాయి.

“ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి మాట్లాడుతున్నాం మేడం. మీకు రావలసిన రిఫండ్ ఆగిపోయింది. భద్రత కోసం కొన్ని ప్రశ్నలు అడగాలి. లైను కట్ చెయ్యవద్దు. దయచేసి కట్ చెయ్యవద్దు.”

“చెయ్యను సార్,” అంది యమున.

“నువ్వు పన్ను కట్టిందెప్పుడే, వాళ్ళు తిరిగిచ్చేదానికి?” గుల్షన్ గుసగుసగానే కసిరింది.

గుల్షన్ భయానికి కారణం ఉంది. నిరుడు ఇలాంటి ఫోనుకే తన ఖాతా ఊడ్చుకుపోయింది. ఇక యమున సంగతి తనకు తెలియనిది కాదు. ఉగాది వెళ్ళాక చంటిపిల్లను చంకనేసుకుని బొల్లాపల్లి నుంచి మాచర్ల వచ్చి ఈ వాటాలో దిగింది. భర్త ఎక్కడో దూరాన కంప్యూటర్ పనిలో ఉన్నాడంది. మొన్ననే చేతి గాజులూ మెడలో గొలుసూ అమ్మి, ఆ డబ్బు బ్యాంకులో వేసుకుంది. దేనికే అని అడిగితే, “ఒక పనుందక్కా” అని ఊరుకుంది. ఆ ఇంటికి మిగిలిన ఆధారం అంతా ఆ ఖాతాలోనే ఉంది.

“ఇంటి దైవం?” అని అడిగింది ఫోనులో గొంతు.

“కోటప్పకొండ స్వామి సార్. మొక్కు అట్నే ఉండిపోయింది.”

“పన్నోళ్ళకు దేవుడితో పనేందే?” అంది గుల్షన్.

“కుటుంబంలో ఎంతమంది?”

“ముగ్గురం సార్. పాప నడుస్తంది. గోడ పట్టుకోకుండానే.”

“పట్టుకోకుండానే...” అవతలి గొంతు ఆ మాటే మళ్ళీ అంది.

“రాసుకున్నాను మేడం. భర్త పేరు?”

యమున తల దించుకుంది. “నేను పేరు పలకను సార్. మీకు తెలుసు గదా.”

“తెలుసు. ఇక్కడ ఉంది.”

గుల్షన్ నెత్తి కొట్టుకుంది. “చూశావా? పేరు, ఆధారు, పుట్టినతేదీ, అన్నీ ముందే దొంగిలించి పెట్టుకుంటారు. ఇంక వాళ్ళకు కావాల్సింది ఆ ఓటీపీ ఒక్కటే. మీ ఆయనకన్నా ఫోన్ చెయ్యవే తల్లీ!”

“కలవదక్కా.”

ఫోనులో వెనక నుంచి ఎవరో గట్టిగా అరిచారు. తెలుగు కాదు, హిందీ కూడా కాదు.

“అదేం భాషే? ఏదో దేశంలో కూసోని చేస్తారంట ఈ పని. రోజుకింతని రాబట్టకపోతే వాళ్ళకు కూడు కూడా పెట్టరంట. అందుకే జలగల్లే పట్టుకుంటారు. ఇటియ్యి ఆ ఫోను!”

యమున ఫోనును రెండు చేతులతో గుండెకు అదుముకుంది. తర్వాత మెల్లగా నోటి దగ్గర పెట్టుకుంది.

“సార్, మీరు అన్నం తిన్నారా?”

“యా అల్లా! దొంగోడిని అన్నం తిన్నావా అని అడుగుతావేందే!”

“ఇంకా లేదు మేడం,” అంది ఆ గొంతు. “మీ పని అయ్యాక.”

టింగుమని మెసేజ్ వచ్చింది.

“మేడం, ఆ నంబరు చెప్పండి.” వెంటనే గొంతు తగ్గించి, “ఆలోచించుకోండి. అది మీ డబ్బు. ఇష్టం లేకపోతే...”

దబ్బుమని ఏదో చప్పుడైంది. మాట తెగిపోయింది.

“ఇదీ నాటకమే!” అంది గుల్షన్. “నమ్మకం కుదరాలని అట్టా అంటారు.”

యమున దేవుడి గూట్లో వెలుగుతున్న దీపం వైపు చూసింది. ఏదో అడగబోయి, అడగలేదు. కళ్ళు మూసుకుంది.

“చెప్తున్నా సార్. రాసుకోండి.”

గుల్షన్ ఫోను లాక్కోబోయింది. యమున గోడవైపు తిరిగి, ఒళ్ళంతా అడ్డం పెట్టి, ఆ అంకెలన్నీ చెప్పేసింది. మళ్ళీ ఒకసారి చెప్పింది, తప్పు పోకుండా.

“థాంక్స్ మేడం,” అంది గొంతు. “జాగ్రత్త.”

ఫోను కట్ అయింది. వెంటనే ఇంకో మెసేజ్ వచ్చింది. ఖాతాలో ఏమీ మిగల్లేదు.

“కొంప ముంచుకున్నావు గదే!” గుల్షన్‌కి ఏడుపొచ్చింది. “నీ గాజులు, నీ గొలుసు... ఆ పనేందో దానికిప్పుడు ఎక్కణ్ణుంచి తెస్తావే?”

యమున నల్లబడిన తెరను బొటనవేలితో మెల్లగా నిమురుతోంది.

గుల్షన్ తేరుకుని తన ఫోను తీసింది. “ఏడుస్తా కూసుంటే కాదు. వెంటనే కంప్లైంట్ ఇస్తే డబ్బు మధ్యలోనే ఆపుతారు. నా పోలీసు కేసప్పుడు చెప్పారు. ఉండు, నేను కొడతా.”

యమున ఒక్క ఉదుటున లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

“వద్దక్కా, నీకు దండం పెడతా... డబ్బు ఆపిస్తే ఇయ్యాల కూడా మా ఆయనకు అన్నం పెట్టరు.”