రబ్బరు తొడిగిన గొర్రు

"పొద్దున్నే పెద్ద అయ్యగారింటి ముందు నీ గుర్రబ్బండి ఎందుకు ఆగిందో చెప్పు," అన్నాడు గెర్హార్డ్, బావమరిది పశువుల పాకలోకి అడుగు పెడుతూనే.

ఐజాక్ ఆవు పొదుగు మీంచి చెయ్యి తీయలేదు. "కూర్చో బావా. ఈ ఒక్కదాన్ని పితికేసి మాట్లాడతాను."

"వెళ్ళావా, లేదా?"

"వెళ్ళాను."

పాలబండివాడు చెప్పింది అబద్ధమైతే బాగుండునని గెర్హార్డ్ దారంతా అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఆ ఆశ కూడా పోయింది.

ఇంత గొడవా ఒక గొర్రు గురించి. బొలీవియాలో, పాతకాలపు కట్టుబాట్లతో బతికే మెన్నోనైట్ క్రైస్తవుల ఆ కాలనీలో, ఎనిమిదో నంబరు ఊరి నేల ఎగువన ఇసుక, దిగువన జిగట రేగడి. మామూలు గొర్రు ఇసుకలో కూరుకుపోతుంది, రేగడి మీద గీతలు గీసి ఊరుకుంటుంది. గెర్హార్డ్ మూడేళ్ళు బుర్ర బద్దలు కొట్టుకుని తన గొర్రుకు రెండు పక్కలా చక్రాలు, నడుమ ఒక మర, దానికో పిడి పెట్టాడు. పిడి ఒక చుట్టు తిప్పితే చక్రాలు వేలెడు పైకి లేస్తాయి, పళ్ళు వేలెడు లోతుకు దిగుతాయి. వానలు పడేదాకా బాగానే ఉంది. తడినేలలో ఇనపచక్రాలు దిగబడి లోతు లెక్కంతా తప్పింది. అప్పుడతను అరిగి నున్నబడిన పాత లారీ టైరు కోసి, చక్రాల చుట్టూ పట్టీలుగా బిగించాడు. ఇక నాలుగు వేళ్ళంటే నాలుగు వేళ్ళే.

కానీ కాలనీలో రబ్బరు చక్రం నిషిద్ధం. రబ్బరు మీద కదిలినవాడు పట్నం దాకా ఆగడనీ, పట్నం మరిగినవాడు తిరిగి రాడనీ పెద్దల భయం. తప్పిన వాడికి వెలి. వాడి పాలక్యాన్లు ఎవరూ తీసుకోక గేటు దగ్గరే ఉండిపోతాయి. కట్టుకున్న పెళ్ళాం కూడా వాడితో ఒకే బల్ల దగ్గర అన్నం తినకూడదు. చక్రాల సంగతి మాట్లాడాలి, గురువారం రమ్మని చర్చి పెద్ద అయ్యగారి నుంచి నిన్న సాయంత్రమే గెర్హార్డ్‌కు కబురొచ్చింది.

"పట్టీలు బిగించిన రోజు నా పక్కనున్నది నువ్వొక్కడివే," అన్నాడతను. "మీ అక్కకు కూడా చెప్పలేదు నేను. మరి వాళ్ళకెలా తెలిసింది? గాలి మోసుకెళ్ళిందా?"

"నాకు తెలీదు. అక్క పొద్దున్నే ఏడుస్తూ వచ్చి కబురొచ్చిందని చెప్పింది. నేను వెళ్ళొచ్చాను. గురువారం నిన్నేం అడిగినా నోరు మెదపకు బావా. సర్దుకుంటుంది."

"నోరు పారేసుకోవడం నీ వంతు, మూసుకోవడం నా వంతూనా?"

"నా మాట విను."

"పదిహేనేళ్ళుగా వింటూనే ఉన్నాను," అని గెర్హార్డ్ విసురుగా బయటికొచ్చేశాడు. బయటివాడు చేస్తే ఇంత మండేది కాదు. తోడబుట్టినవాడిలా చూసుకున్నాడు వాణ్ణి. వాడి పొలం దున్నాకే తన పొలంలోకి దిగిన రోజులున్నాయి.

బండి ఇంటివైపు తిరగలేదు. పెద్ద అయ్యగారింటి వైపు తిరిగింది.

ఐజాక్ దాణా బస్తాలో ఒక సెల్‌ఫోను ఉంది. రబ్బరు కన్నా పెద్ద నేరమది. ఆ సంగతి తెలిసినవాడు గెర్హార్డ్ ఒక్కడే, ఎందుకంటే కిందటేడు తన భార్య ఆగతకు కానుపు కష్టమైనప్పుడు శాంటాక్రజ్ పట్నం నుంచి డాక్టరును రప్పించింది ఆ ఫోనే. అది గుర్తొచ్చి అతను ఒక్క నిమిషం కళ్ళెం బిగించాడు. మళ్ళీ ఆ 'వెళ్ళాను' అన్న మాట చెవిలో మోగింది. గుర్రాన్ని అదిలించాడు.

పెద్ద అయ్యగారు బెర్న్‌హార్డ్ వోల్ వసారాలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. "గురువారం కదయ్యా రమ్మంది?" అన్నాడు.

"నా గొర్రు సంగతి గురువారమే మాట్లాడుకుందాం అయ్యగారూ. నేనొచ్చింది ఇంకో పని మీద." గెర్హార్డ్ గుక్క తిప్పుకోకుండా దాణా బస్తా సంగతంతా చెప్పేశాడు.

ఆయన నమలడం ఆపేశాడు. "కళ్ళారా చూశావా?"

"చేత్తో పట్టుకున్నాను."

"ఎంత పని చేశావయ్యా," అన్నాడాయన నీరసంగా. "తనంతట తాను వచ్చి తప్పు ఒప్పుకుంటే మందలించి వదిలేస్తాం. ఇంకొకరి నోట బయటపడితే మాత్రం వెలే. అది నా చేతిలో కూడా లేదు. వాడికి పసిపిల్లలున్నారు."

"నాకూ ఉన్నారు. నన్ను పట్టించేటప్పుడు వాడికి గుర్తు రాలేదా?"

"నిన్నెవరు పట్టించారు?"

"ఇంకెవరు, ఐజాక్."

పెద్దాయన వింతగా చూశాడు. "నిన్నెవరూ పట్టించలేదు. మొన్న వాన వెలిశాక బురదలో నున్నటి జాడ ఒకటి కనబడింది. మన ట్రాక్టర్ల ఇనప చక్రాలైతే గాట్లు పడతాయి, బళ్ళవైతే ఇనప పట్టా గీత పడుతుంది. ఇదేమిటా అని ఆ జాడ వెంట నడిస్తే మీ గేటు దాకా తీసుకొచ్చింది. దానికొకరు చెప్పాలా?"

గెర్హార్డ్ ఒక అడుగు దగ్గరికి వేశాడు.

"మరి పొద్దున ఐజాక్ మీ దగ్గరికెందుకొచ్చాడు?"

"ఆ రబ్బరు నీకు తెలీకుండా తానే తొడిగానని ఒప్పుకోవడానికి."