తాగని మనిషి

రొయ్యల చెరువు గట్టు మీద, కూలీలందరూ చూస్తుండగా, మొగుడు పోతురాజును పక్కన నిలబెట్టుకుని, పైడమ్మ స్కాను ఫిల్మును యజమాని భీమరాజు మొహం ముందు పెట్టింది.

"చూడండి, మా ఆయన మెదడు ఫొటో. ఈ పక్కన వెలుగు తగ్గింది చూసేరా? పార్కిన్సన్స్ జబ్బు మొదలైందని కాకినాడ డాక్టరుగారు చెప్పేరు. నడక తూలేది అందుకంటండి. తాగొచ్చేడని ఇక్కడే కదండీ చెంప మీద కొట్టి, పనిలోంచి తీసేసేరు?"

"పొరపాటు జరిగిందమ్మా. రేపట్నుంచి పనికి పంపించు."

"పని అక్కర్లేదండి. అందరి ముందూ కొట్టేరు. తప్పని కూడా అందరి ముందే చెప్పండి."

భీమరాజు కూలీల వైపు ఓసారి చూశాడు. చివరికి చేతులు జోడించి, "తప్పయిపోయింది పోతురాజూ" అన్నాడు.

పైడమ్మ కసి తీరినట్టు మొగుడి వైపు తిరిగింది. "విన్నావా?"

"విన్నాను," అన్నాడు పోతురాజు మెల్లగా. "ఆయన ఒక్క దెబ్బే కొట్టేరు. నువ్వు వానాకాలమంతా తాగుబోతోడని నన్ను అరుగు మీద పడుకోబెట్టేవు. చుక్క ముట్టలేదని పిల్లల మీద ఒట్టేసినా నమ్మలేదు."

పైడమ్మ అతని దగ్గరికి నడిచింది. వణుకుతున్న అతని చెయ్యి పట్టుకోబోయింది.

పోతురాజు చెయ్యి వెనక్కి లాక్కుని, ఆమె కోసం ఆగకుండా గట్టు దిగిపోయాడు.