చేతులెత్తిన ఇద్దరు

…అయినా నాకు ఈత రాదని నాన్నకి ఎలా చెప్పను? రేపు మళ్ళీ పడవెక్కాలి.

స్వీడన్‌లో మా ఊరు తానుంలో బండమీద కంచుయుగం వాళ్ళు చెక్కిన పడవని చూసి, నాన్న అచ్చం అలాంటిదే పలకలు తాడుతో కుట్టి చేశాడు. ఆ బొమ్మలో ముందొకడు, వెనకొకడు చేతులెత్తి ఉంటారు. వాళ్ళు సూర్యుడికి మొక్కే పూజారులని స్కూల్లో నేను గొప్పగా ఉపన్యాసం దంచాను.

ఇవాళ కుట్లలోంచి నీళ్ళు రాగానే, పడవ ముందు కూర్చున్న నా చేతులు వాటంతటవే పైకి లేచాయి.

"టూవా, దణ్ణాలు తర్వాత పెట్టుకుందువు గానీ ముందు నీళ్ళు తోడవే," అని ఒడ్డు మీంచి మామ్మ ఫోటో తీస్తూ అరిచింది.

ఎవరో తలుపు కొడుతున్నారు. నాన్న.

"మామ్మ తీసిన ఫోటో చూశావా తల్లీ? వెనకాల చేతులెత్తింది నేనే. నాకూ ఈత రాదు. ఎవరికీ చెప్పకు."

రాస్తున్న ఈ డైరీ కాగితాలు దిండు కింద దాచేస్తున్నా.