నీళ్ల వైపు పిలుపు

చీకటి పడింది. ప్రయాణికులూ పడవవాళ్లూ అంతా పాత కోట ఊరు చూడటానికి దిగిపోయారు. పడవలో వంటమనిషి ఒక్కతే మిగిలింది. ఆ పడవ నడిపిన ఆమె భర్త మూడేళ్ల కిందట ఈ రేవులోనే నీళ్లలో పడి మళ్లీ కనిపించలేదు. అప్పటినుంచి ఆమె ఇక్కడ గట్టు మీద కాలు పెట్టలేదు.

గిన్నెలు తోముతుంటే పిలుపు వినిపించింది.

“ఏమే నత్తా, తాడు వెయ్యి!”

ఆమె నిదానానికి ఆ పేరు పెట్టింది లోకంలో ఒక్కడే. గొంతు గట్టు వైపు నుంచి కాదు, నీళ్ల వైపు నుంచి వచ్చింది. అటు కటిక చీకటి. అల చప్పుడు కూడా లేదు.

“ఇన్నాళ్లూ ఎక్కడున్నావయ్యా?” అంది, ఏడుపు దిగమింగుకుని.

“ముందు తాడు వెయ్యవే. చేతులు కొంకర్లు పోతున్నాయి.”

భయం లేకపోలేదు. కానీ మూడేళ్ల ఎదురుచూపు ముందు అదెంత? తాడు చుట్ట విప్పి చీకట్లోకి విసిరింది. నీళ్లలో పడిన చప్పుడు రాలేదు. ఎవరో అందుకున్నట్టు తాడు బిగిసింది. పడవ మెల్లగా అటు ఒరిగింది.

“గట్టుకు కట్టింది కూడా విప్పెయ్యవే. పోదాం,” అన్నాడతను ముద్దుగా.

ఆమె చేతులు తుడుచుకుని గట్టు తాడు దగ్గరికి నడిచింది. ముడి గట్టిగా ఉంది. వంగి, పళ్లతో పట్టి లాగింది.