పైడితల్లి పప్పుచారు

సీరియళ్లలో నటులు పోయి చాన్నాళ్లయింది. ఇప్పుడు ఏ వీధి సీరియల్‌కి ఆ వీధిలోవాళ్ల మొహాలే వస్తాయి. మొహం ఇచ్చినవాళ్లకి చానెల్ ఉచితం. తీర్పు మాత్రం చూసేవాళ్లదే.

గాజువాకలో హైమ వాళ్ల వీధికి హత్య కేసు వచ్చింది. కథలో ముద్దాయి పప్పుచారులో విషం కలిపి మొగుణ్ణి చంపేసింది. ఆ ముద్దాయికి కర్రీ పాయింట్ పైడితల్లి మొహం పెట్టారు. చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ హైమ ఒక్క వాయిదా కూడా వదలకుండా చూసింది. నిన్న తీర్పు అడిగితే రిమోట్‌లో ఉరి నొక్కి, చెయ్యి కడుక్కుని పడుకుంది.

ఇవాళ అన్నం వార్చి, ఎప్పట్లాగే గిన్నె పట్టుకుని కర్రీ పాయింట్‌కి వెళ్లింది. అక్కడ కొనేవాళ్లు ఒక్కరూ లేరు. కూరలన్నీ నిండుగా అలాగే ఉన్నాయి.

"రామ్మా" అంటూ పైడితల్లి పప్పుచారు గరిటె ఎత్తింది.

హైమ చెయ్యి దానంతటదే వెళ్లి గిన్నెకి అడ్డం పడింది, పెళ్లి పంక్తిలో విస్తరికి అడ్డం పెట్టినట్టు. గరిటె గాల్లో ఆగిపోయింది. హైమకి తల కొట్టేసినట్టయింది. చెయ్యి తీద్దామనుకుంది గానీ, రాలేదు.

"నువ్వు కాదని తెలుసు పైడితల్లీ. అయినా నిన్న నేను..."

"సిగ్గెందుకులేమ్మా. పొద్దున్న మా ఆయన కూడా పెరుగన్నమే తినేసి వెళ్లిపోనాడు."

పైడితల్లి గరిటె దింపి, పప్పుచారు మీద మూత పెట్టింది.

"నేనూ ఉరే నొక్కినానమ్మా. సాక్ష్యాలన్నీ అలాగున్నాయి మరి."