ఈశ్వరమ్మ పాట

"మా అత్త పేరెయ్యొద్దు బాబూ," అంది సోములమ్మ, కాగితాన్ని అరుగు మీద వెనక్కి తోస్తూ. "పాట అట్టుకుపో. పేరు మాత్రం ఒద్దు."

డాక్టర్ క్వాసి అమంక్వాకి ఉసూరుమనిపించింది. ఘనా దేశం నుంచి అనంతగిరి కొండల్లోని ఈ ఊరికి ఆయన మళ్లీ వచ్చిందే ఆ కాగితం మీద వేలిముద్ర కోసం. ఊరూరా పాటలు సేకరించి, వాటిని గాయక బృందాల కోసం మలచడమే ఆయన పని. పాడినవాళ్ల పేరు లేకుండా ఇంతవరకూ ఒక్క పాటా అచ్చు వేయలేదు. ఈ పాట పాడిన ఈశ్వరమ్మ ఇప్పుడు లేదు కాబట్టి కోడలు సోములమ్మ ఒప్పుకోవాలి.

"పేరు లేకపోతే పాట కూడా లేదమ్మా," అన్నాడు. కుర్రతనంలో విశాఖపట్నంలో చదువుకుంటూ నేర్చిన తెలుగు అది, ఇంకా పుస్తకాల వాసన పోలేదు. "అది దొంగతనం అవుతుంది."

"అయితే మానీ."

కొడుకు ఫల్గుణకి తల కొట్టేసినట్టయింది. "ఏటమ్మా నీ పంతం? నాయనమ్మ పోయి పదేళ్లయింది. ఇంకా ఆవిడి మీద కోపమేటి?"

అత్త మీద కోపం దుత్త మీద చూపే కోడళ్లు ఘనాలోనూ ఉన్నారు. ఈవిడ ఏకంగా పాట మీద చూపిస్తోందని క్వాసి నొచ్చుకున్నాడు. వింటే మనసు మారుతుందేమోనని ఫోనులో ఆ పాట పెట్టాడు. చోళ్లు, అంటే రాగులు, తిరగలిలో విసిరేటప్పుడు పాడే పాట. సన్నటి గొంతు, కొండ అవతలి నుంచి వస్తున్నట్టుంది.

"ఈశ్వరమ్మగారు ఇదే అరుగు మీద, మైకుకి జానెడు దూరంలో కూర్చుని పాడారు. ముప్పై ఎనిమిదేళ్లయింది. గొంతు ఇంత దూరంగా పడిందేమిటని నా పాత టేప్‌రికార్డర్‌ని తిట్టుకున్నాను. తర్వాత ఆ దూరమే నాకు నచ్చింది. వచ్చే నెల మా ఊళ్లో నలభై మంది వేదిక మీద నిలబడి ఈ పాట పాడతారు. ఒక్క అమ్మాయి మాత్రం తలుపు అవతల నుంచి పాడుతుంది."

సోములమ్మ తలెత్తింది. "తలుపవతలా? ఆ గుంటకి అది ఇష్టమేనా?"

క్వాసి తడబడ్డాడు. "నేను అడగలేదమ్మా."

ఆవిడ కాసేపు ఆ పాట వింటూ కూర్చుంది. "మా అత్తకి పాట రాదు బాబూ," అంది చివరికి.

క్వాసికి ఈసారి కోపమే వచ్చింది. పోయినవాళ్ల మీద ఇంత కక్షా? "నా కళ్లతో చూశానమ్మా. ఆవిడ పెదాలు కదిలాయి. మీ మామగారు పక్కనే కూర్చుని తల ఊపారు."

సోములమ్మ లేచి, ఇంట్లోకి వెళ్లి, తడిక దగ్గరగా లాక్కుంది.

"ఇంక రాదు సార్," అన్నాడు ఫల్గుణ తల దించుకుని. "పంతం పట్టిందంటే అంతే."

ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో వెళ్లాలి. క్వాసి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఫోను నొక్కి పాట ఆపేశాడు.

పాట ఆగలేదు.

ఫల్గుణ నోరు తెరిచి ఇంటివైపు చూశాడు. గొంతు కాస్త ముదిరింది గాని అదే సన్నదనం, అదే దూరం. చివరి చరణం దాకా నడిచి ఆగింది.

"మావ ముందర కొత్త కోడలు గొంతెత్తకూడదు బాబూ," అంది సోములమ్మ తడిక వెనక నుంచి. "ఆ రోజు కూడా నేనిక్కడే నిలబడ్డాను. మా అత్త అక్కడ కూకొని, నాకోసం పెదాలు కదిపింది."