మెడ పగిలిన తూటాలు

"నా ఇత్తడంతా నాశనం చేశావు కదరా డ్వైట్!"

ఆర్విల్ విసిరిన తూటా గ్యారేజీ బల్ల మీద దొర్లుకుంటూ వెళ్లి స్నేహితుడి కాఫీ కప్పుకు తగిలి ఆగింది. బుల్లెట్‌ను పట్టి ఉంచే దాని మెడ దగ్గర వెంట్రుకంత పగులు. అదొక్కటే కాదు, సంచీలో ఉన్నవన్నీ అంతే. ఆ పాతకాలపు రైఫిల్‌కు షాపుల్లో తూటాలు దొరకవు. పేల్చిన ఇత్తడి గొట్టాల్లోనే మళ్లీ మందు కూరుకోవాలి. తెల్లారితే దుప్పుల వేట మొదలు. ఆ రోజు కొండెక్కని మగాణ్ణి మోంటానాలో ఏడాదంతా ఏడిపిస్తారు.

గుమ్మంలో నిలబడ్డ ఆర్విల్ భార్య ఇర్మాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. వేసవిలో మొగుడి గుండెకు ఆపరేషనయింది. కొండెక్కితే దిగడం ఉండదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆమె బతిమాలింది, ఏడ్చింది, మాట్లాడ్డం మానేసింది. "చస్తే కొండ మీదే చస్తా" అన్నాడే గానీ ఆయన దిగిరాలేదు.

"నేనేం చేశాన్రా?" అన్నాడు డ్వైట్.

"మందు కూరకముందు గొట్టాల మెడలు కాల్చింది నువ్వే కదా! దీపాలార్పి, ఎరుపు తేలేదాకా కాలుస్తానని పోజులు కొట్టావు. మాడ్చి చచ్చావు!"

"మాడితే మెత్తబడతాయిరా మొద్దూ, పగలవు! పేల్చి, నొక్కి, మళ్లీ పేల్చి వాడితే ఇత్తడి గట్టిపడి మొండికేస్తుంది. కాస్త సెగ చూపిస్తే దారికొస్తుంది. ఊరందరివీ కాలుస్తున్నా, ఇంతవరకూ ఒక్కడు నోరెత్తలేదు."

డ్వైట్ మొహం కందగడ్డయింది. ఆ తూటా తీసి పగులు వైపు చూశాడు, సంచీలోకి తొంగి చూశాడు, చటుక్కున ముక్కు మూసుకున్నాడు.

"ఛీ! కోళ్ల పెంట కంపు!"

"కొడితే?"

"కొడితేనా? బుల్లెట్‌ను కరుచుకుని బిగిసిన మెడకి ఈ ఘాటు, కాస్త తేమ తగిలితే చాలు, దానంతటదే పగులుతుంది. మా తాత గుర్రాల కొట్టంలో దాచి పెట్టెడు పోగొట్టుకున్నాడు. ఎవరో వీటిని కోళ్ల గూట్లో పెట్టారు ఆర్విల్."

ఇద్దరూ ఒక్కసారే ఇర్మా వైపు తిరిగారు.

"నువ్వా?" అన్నాడు ఆర్విల్. "నన్నాపడానికి ఇంత పని చేస్తావా?"

"నేను కాదు, ఒట్టు! గూటి మొహం చూసి నెలయింది. నా మోకాలి నొప్పికని కోళ్ల పని నువ్వే..."

"చాలు, నోర్ముయ్!"

అన్నేళ్ల కాపురంలో పరాయివాడి ముందు ఆ మాట అనడం అదే మొదలు. ఇర్మాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

డ్వైట్ ఇబ్బందిగా టోపీ పెట్టుకున్నాడు. "కొట్టుకోకండి బాబూ. మా బావకీ ఇదే రకం రైఫిలుంది, తూటాలు డబ్బాడున్నాయి. గంటలో తెచ్చి పడేస్తా. రేపు మనం కలిసే ఎక్కుతున్నాం. సరేనా?"

"స... సరే మరి" అన్నాడు ఆర్విల్.

డ్వైట్ ట్రక్కు గేటు దాటింది. ఇర్మా మొగుడి వైపు తిరిగింది. వచ్చిన అదృష్టం కాస్తా గంటలో పోతోంది, పైగా చెయ్యని తప్పు నెత్తిన పడింది.

"నిజంగా నేను కాదు. నన్ను నమ్మవూ?"

ఆర్విల్ స్టూలు మీద కూలబడ్డాడు. చెయ్యి ఛాతీ మీద ఉంది. "నువ్వు కాదని తెలుసు" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"తెలిసీ వాడి ముందు నన్నెందుకు దోషిని చేశావు?"

 ఆయన జేబులోంచి ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా పట్టుకున్నాడు.

"నిన్న కంచె దాకా నడిస్తేనే ఊపిరాడలేదు ఇర్మా. వాణ్ణి వెనక్కి పిలువు. తూటాలు గూట్లో పెట్టింది నువ్వేనని, కొత్తవి తెచ్చినా అక్కడే పెడతానని చెప్పు... పెట్టింది నేనని తెలిస్తే ఊళ్లో తలెత్తుకోలేను."